బొమ్మ బాగుంది... కథే కదలడం లేదు

జపాన్ ప్రేమ కామెడీ మాంగాకూ, జనగామ వైపు పటం కథకూ మధ్య ఒక చర్చ

చిజురు మిజుహార తొలిసారి కనిపించే పేజీ దగ్గర ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. భుజాల మీదికి జారిన పొడవాటి జుట్టు, గాలికి కదిలే కొసలు, ఎదుటి మనిషిని తప్ప లోకంలో ఇంకెవరినీ చూడనట్టున్న కళ్లు. రేజి మియాజిమా గీసిన ‘రెంట్ ఎ గర్ల్‌ఫ్రెండ్’ మాంగాకు, అంటే జపాన్ బొమ్మల కథకు, పాఠకులను తెచ్చిపెట్టింది ముందుగా ఆ బొమ్మే. కోదాన్షా సంస్థ ప్రచురించే ‘వీక్లీ షోనెన్ మ్యాగజైన్’లో 2017 జులైలో మొదలైన ఈ ప్రేమ కామెడీ 300 అధ్యాయాలు దాటింది. సంపుటాలు కోటికి పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. 2020 నుంచి యానిమేషన్ ధారావాహిక (యానిమే)గానూ వస్తోంది. ఇన్నేళ్లలో బొమ్మ వన్నె తగ్గలేదు. తగ్గింది కథ. మొదట్లో పరుగెత్తింది, తరవాత నడిచింది, ఆ పైన ఆగింది, చివరికి ఆగిన చోటే అటూ ఇటూ మెసలడం మొదలుపెట్టింది.

ఈ సంగతి జనగామ, మానుకోట, భూపాలపల్లి పాఠకులకు ఎందుకంటే, మాంగా ఇప్పుడు ఎక్కడో దూరాన ఉన్న వస్తువు కాదు. షుయేషా సంస్థ 2019 జనవరిలో ‘మాంగా ప్లస్’ యాప్ తెచ్చాక జపాన్‌లో అచ్చయిన ఆ సంస్థ మాంగాల కొత్త అధ్యాయం ఆ రోజే మన ఫోన్లో ఇంగ్లిషులో ఉచితంగా దొరుకుతోంది. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు మాటలతోనే మన థియేటర్లలోకి వచ్చింది. కాజీపేట వైపు వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చున్న డిగ్రీ కుర్రాడి ఫోన్లో బొమ్మలు కుడి నుంచి ఎడమకు జరుగుతున్నాయంటే అది మాంగానే. చదివేవాళ్లలో చాలామంది గీసేవాళ్లు కూడా. నోటుపుస్తకం చివరి పేజీల్లో పెద్ద కళ్లు, మొనదేలిన జుట్టు గీయడం దగ్గర వాళ్లు మొదలుపెడతారు. ఆ చేతుల మీద నాకు చాలా ఆశ ఉంది. అందుకే బొమ్మ అద్భుతంగా ఉండి కథ నీరసించిన ఒక మాంగాను దగ్గరగా చూద్దాం. అదీ మన ప్రాంతపు కళ్లతో. బొమ్మతో కథ చెప్పడంలో ఈ నేలది పాత చెయ్యి మరి.

అద్దె ప్రేమ, అసలు చిక్కు

కథ మొదలు గట్టిదే. టోక్యోలో చదువుకునే ఇరవయ్యేళ్ల కజుయా కినోషితను మామి అనే అమ్మాయి నెల రోజులకే వదిలేస్తుంది. ఒంటరితనం భరించలేక అతను గంటల లెక్కన ప్రేయసిని అద్దెకిచ్చే యాప్‌లో చిజురును పిలుస్తాడు. ఆమె మాట, నవ్వు, చేతిలో చెయ్యి వేయడం అన్నీ అచ్చం ప్రేమలాగే ఉంటాయి. ఇంటికొచ్చి చూస్తే ఆమె గురించి మిగతా మగవాళ్లు రాసిందీ అదే. మోసపోయానని ఉక్రోషపడి తక్కువ మార్కులు వేస్తాడు. మళ్లీ పిలిపించి ముఖం మీదే అనేస్తాడు. అప్పుడు చిజురు ముసుగు తీసి అతణ్ని కడిగిపారేస్తుంది. సరిగ్గా ఆ గొడవ మధ్యలోనే కజుయా నానమ్మ ఆస్పత్రిలో చేరిందని కబురొస్తుంది. అతనితో పాటు ఆస్పత్రికి వచ్చిన చిజురును చూసి నానమ్మ నగోమి సంబరపడిపోతుంది, మనవడికి ఇన్నాళ్లకు ఒక పిల్ల దొరికిందని. చిజురును పెంచిన అవ్వ సయూరి కూడా అక్కడే ఉంటుంది. ఇద్దరు ముసలమ్మలూ స్నేహితులు. అబద్ధం ఆ గదిలో పుడుతుంది. ఇద్దరు ముసలివాళ్ల సంతోషం ఆ అబద్ధం మీద నిలబడుతుంది.

ప్రేమ కామెడీకి ఇంతకన్నా మంచి పునాది దొరకదు. నవ్వుకూ, భయానికీ, జాలికీ ఒకే మూలం. నిజం చెబితే నానమ్మ గుండె పగులుతుంది, చెప్పకపోతే అబద్ధం పెరుగుతుంది. పైగా ఇద్దరిదీ ఒకే కాలేజీ, అద్దెకుండేదీ పక్కపక్క గదుల్లోనే. కాలేజీకి కళ్లద్దాలు పెట్టుకుని, జడలు వేసుకుని, ఎవరి కంటా పడకుండా వచ్చే చిజురుకు నటి కావాలన్న కోరిక. అద్దె ప్రేయసి ఉద్యోగం ఆమెకు నటన సాధన కూడా.

బొమ్మ ఈ కథకు ఎంత సాయం చేసిందో చెప్పాలి. మియాజిమా ముఖాలు గీయడంలో సమర్థుడు. చిజురు ఉద్యోగంలో నవ్వే నవ్వు వేరు, పక్క గది వసారాలో నిలబడి నవ్వే నవ్వు వేరు. మాట చదవకుండానే ఆ తేడా తెలుస్తుంది. కలిసిన ప్రతిసారీ ఆమె వేసుకునే దుస్తుల మీద అతను పెట్టిన శ్రద్ధ మామూలుది కాదు. రంగుల పేజీలైతే దాచుకోవాలనిపిస్తాయి. కజుయా కంగారు పడినప్పుడు అతని ముఖం వంకర్లు పోయే తీరు నవ్విస్తుంది. ఈ గుణాలను తక్కువ చేసి మాట్లాడితే తప్పు. నా ఫిర్యాదు బొమ్మ మీద కాదు, ఇంత మంచి బొమ్మకు పని లేకుండా చేసిన కథ మీద.

ఎత్తు తెలిసినవాడే దిగాడు

మియాజిమాకు కథ చెప్పడం రాదనుకుంటే పేచీ లేదు. కానీ వచ్చు. సయూరి అవ్వకు జబ్బు ముదురుతుంది. మనవరాలిని తెర మీద చూడాలన్నది ఆమె కోరిక. సినిమా అవకాశాలు చిజురుకు దొరకవు. అప్పుడు కజుయా, అంతవరకు ఏ పనీ సరిగా చేయలేని ఆ కజుయా, జనం నుంచి చందాలు పోగుచేసి మనమే సినిమా తీద్దామంటాడు. చేతులు వణుకుతూనే పదిమందినీ కలుపుతాడు, డబ్బు కూడబెడతాడు, షూటింగ్ పూర్తి చేయిస్తాడు. అవ్వ ఆస్పత్రిలోనే ఆ సినిమా చూసి కన్ను మూస్తుంది. చిజురు ఏడవదు. ఏడుపు రాని ఆ అమ్మాయిని కజుయా ఒకరోజు బయటికి తీసుకెళతాడు. డబ్బు తీసుకునే ప్రేయసిగా వచ్చిన ఆమె ఆ సాయంత్రం అతని ముందు మనిషిగా ఏడుస్తుంది.

ఈ భాగం చదివినవాళ్లు మరిచిపోరు. ఎందుకు బాగుందంటే, ప్రతి అధ్యాయం తిరిగి రాని పని ఒకటి చేసింది. డబ్బు పోగైంది, సినిమా పూర్తయింది, అవ్వ పోయింది. పోయినవాళ్లు మళ్లీ రారు. కజుయా మారాడు, చిజురు అతణ్ని చూసే చూపు మారింది. ఆ చూపును గీయడానికి బొమ్మకు కథ ఒక కారణం ఇచ్చింది.

అక్కడి నుంచి ప్రేమ ముందుకు నడవాలి కదా! నడవలేదు. రూకా అనే అమ్మాయి ‘తాత్కాలిక ప్రేయసి’గా వచ్చి వందల అధ్యాయాలు అదే తాత్కాలికంలో ఉండిపోయింది. మామి ఏదో చేయబోతోందన్న బెదిరింపు ఏళ్ల తరబడి వేలాడింది. ఒక మాట అడగాలా వద్దా అని కజుయా తనలో తాను తర్కించుకోవడానికి అధ్యాయాలకు అధ్యాయాలు ఖర్చయ్యాయి. ఈ వారం ధైర్యం, వచ్చే వారం భయం, ఆ పై వారం మళ్లీ ధైర్యం. చదివేవాడికి ముందు విసుగు వస్తుంది, తరవాత కజుయా మీద ఉన్న జాలి పోతుంది. రెండోది పెద్ద నష్టం.

కుటుంబాలన్నీ కలిసి విహారానికి వెళ్లే సుదీర్ఘ ఘట్టం ఇందుకు సాక్ష్యం. ఎట్టకేలకు అక్కడ నిజం బద్దలవుతుంది. మామి అందరి ముందూ అద్దె సంగతి బయటపెడుతుంది. నానమ్మ నిలదీస్తుంది. ఆ నిమిషంలో చిజురు అందరూ చూస్తుండగా కజుయాకు ముద్దు పెడుతుంది. నిజమా, నటనా? ఇంతటి ప్రశ్న వేసిన కథ జవాబు వెతకడానికి బయల్దేరాలి. బదులుగా ఆ ముద్దుకు అర్థమేమిటని కజుయా నెలల తరబడి తల పట్టుకుంటాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండే ఏర్పాటు జరిగాక కూడా లోలకం అదే ఊపులో ఊగింది. ఏళ్ల తరబడి దాచిన అబద్ధం బయటపడితే ఎవరి బతుకు ఎటు తిరగాలో అటు తిరగలేదు.

ఆ విహార స్థలం గురించి భూపాలపల్లి పాఠకులకు ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది ఫుకుషిమా రాష్ట్రం ఇవాకిలో ఉన్న స్పా రిసార్ట్ హవాయియన్స్. అక్కడ ఒకప్పుడు జోబాన్ బొగ్గు గనులుండేవి. చమురు వాడకం పెరిగి బొగ్గుకు గిరాకీ పడిపోయినప్పుడు, గనుల్లోంచి ఉబికే వేడి నీటిని ఆధారం చేసుకుని ఆ బొగ్గు కంపెనీయే 1966లో ఈ విహార కేంద్రం తెరిచింది. గని కార్మికుల ఆడపిల్లలు హులా నాట్యం నేర్చుకుని ఇళ్లు నిలబెట్టారు. దీని మీద 2006లో ‘హులా గర్ల్స్’ అనే సినిమా వచ్చింది. సింగరేణి కేటీకే గనుల నీడన పెరిగిన మన పిల్లలకు ఇది పరాయి కథ అనిపిస్తుందా? పొట్టకూటికి నవ్వు తెచ్చిపెట్టుకుని ఆడిన ఆడపిల్లల నేల మీదే, డబ్బుకు ప్రేమ నటించే చిజురు నిలబడి ఉంది. ఎంత బలమైన జోడింపు! మాంగాలో ఆ చరిత్రకు బరువైన చోటు దక్కలేదు. ఈత కొలనులు, ఈత దుస్తులు, జారుడు గొట్టాలు మాత్రం చాలా అందంగా గీశారు.

కొసలేని గుడ్డ

తప్పంతా ఒక్క రచయిత మీద వేయడం న్యాయం కాదు. జపాన్ వారపత్రిక పద్ధతి అలాంటిది. వారానికి సుమారు 20 పేజీలు ఇవ్వాలి. సహాయకులు ఉన్నా నిద్ర మానుకునే పని. పాఠకుల ఆదరణ తగ్గితే కథను అర్ధంతరంగా ఆపేస్తారు. ఆదరణ ఉంటేనో, ఆపనివ్వరు. సంపుటాలు, యానిమే, బొమ్మలు, దిండు గలీబులు అన్నీ ఆ ఒక్క కథ మీద నడుస్తుంటాయి. ప్రేమ కామెడీలో ఇద్దరూ ఒకటైతే కథ అయిపోయినట్టే. అయిపోతే ఆదాయం ఆగుతుంది. కాబట్టి ఒకటి కాకుండా చూడటమే కథకుడి వారంవారం పనిగా మారుతుంది.

నవోషి కోమి గీసిన ‘నిసెకోయి’ కూడా ఇందుకు తార్కాణమే. షుయేషా వారి ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో 2011 నుంచి 2016 దాకా 229 అధ్యాయాలు, 25 సంపుటాలు నడిచింది. రెండు నేర ముఠాల మధ్య కొట్లాట ఆపడానికి వాళ్ల పిల్లలు రాకు, చితోగె ప్రేమికుల్లా నటించాలి. చిన్నప్పుడు ఎవరికో మాటిచ్చిన గుర్తుగా రాకు మెడలో తాళం వేసిన లాకెట్ ఉంటుంది. తాళం చెవి ఎవరి దగ్గరుందన్నది ప్రశ్న. ఒక చెవి, రెండో చెవి, మూడో చెవి... కొత్త అమ్మాయి వచ్చినప్పుడల్లా ఇంకో చెవి. తెరవబోయే వేళకు ఏదో అడ్డం. కోమి గీత శుభ్రంగా, ముద్దుగా ఉంటుంది. చివరికి తాళం తెరుచుకునే నాటికి తెలుసుకోవాలన్న ఆత్రం మాత్రం చాలామంది పాఠకుల్లో చల్లారిపోయింది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. చేర్యాల ఇవాళ సిద్దిపేట జిల్లాలో ఉంది గానీ 2016 జిల్లాల విభజన దాకా పాత వరంగల్ జిల్లాలో జనగామతో కలిసి బతికిన ఊరే. ఇప్పటికీ జనగామ శాసనసభ నియోజకవర్గంలోనే ఉంది. అక్కడి నకాషీ చిత్రకారులు గీసిన పటాలు కథ చెప్పడానికి పుట్టినవి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మ జిగురు కలిపి పూత పూస్తారు. ఆరాక ఉడుత వెంట్రుకల కుంచెతో గీత మొదలవుతుంది. వెనక ఎర్రటి నేపథ్యం, ముందు పసుపు, నీలి, తెల్ల రంగుల మనుషులు. ఒక్కో పటం మూడు అడుగుల వెడల్పున నలభై, అరవై అడుగుల పొడవు సాగుతుంది. గడులు గడులుగా, మధ్య పూల అంచులతో, పై నుంచి కిందికి కథ దిగుతుంది.

చూపు తిరిగిన చోట కథ ఉండాలన్నది ఆ పటం కట్టడి. కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెబుతారు. కాకిపడగల వాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. గౌడులకు గౌడ జెట్టీలు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలి వాళ్లు ఉన్నారు. రాత్రి వాడ మధ్యలో పటం కడతారు. మద్దెల, తాళం మోగుతాయి. కథకుడు కర్రతో గడి చూపిస్తూ పాడతాడు, మాట్లాడతాడు, ఆడతాడు. కొడకండ్ల లాంటి నేతగాళ్ల ఊరికి భావనారుషి కథ వినోదమొక్కటే కాదు, సొంత పుట్టుక. విష్ణుమూర్తి నాభి కమలం తూటి దారం తీసి తొలి బట్ట నేసినవాడు, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడినవాడు, పులి నెక్కినవాడు భావనారుషి. ఆ పెళ్లి గడిని చిత్రకారుడు ఎంత ముచ్చటగా గీసినా కథకుడు అక్కడే రాత్రంతా ఉండలేడు. కింద ఇంకో గడి ఎదురు చూస్తోంది. ఒకటి మింగేసినా, సాగదీసినా పట్టుకునే పెద్దలు ఎదురుగానే కూర్చున్నారు.

పటానికి కొస ఉంది. చిత్రకారుడికి మొదటి గడి గీసేటప్పుడే ఆఖరి గడి తెలుసు. ఉన్న గుడ్డలో పుట్టుక, పెళ్లి, యుద్ధం, చావు అన్నీ పట్టించాలి. కాబట్టి ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయం గీతకు ముందే జరుగుతుంది. చుట్టిన పటం విప్పుతూ పోతే పై గడి వెళ్లిపోతుంది, కింది గడి వస్తుంది. వారపత్రిక ప్రేమకథకు కొస ఎక్కడో కథకుడికే తెలియదు. ఎన్ని వందల గజాలైనా గుడ్డ వస్తూనే ఉంటుంది. దాని మీద ప్రేమ గడి ఒక్కటే మళ్లీ మళ్లీ గీస్తూ పోవాలి. మియాజిమా చెయ్యి ఎంత గొప్పదైనా అన్నిసార్లు ఒకే గడి గీస్తే ఎవరు నిలబడి చూస్తారు?

ఇంత గొప్పగా చెప్పుకున్న పటానికీ ఇప్పుడు బొమ్మ మిగిలి కథ నీరసించే జబ్బే పట్టిందని కూడా చెప్పకపోతే నిజాయితీ కాదు. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోడ బొమ్మలుగా, మాస్కులుగా, కీచైన్లుగా దేశమంతా తిరుగుతోంది. తాటిచెట్టు ఎక్కే గౌడు, బోనం ఎత్తిన ఆడబిడ్డ, మద్దెల వాయించే మనిషి విడివిడిగా చట్రాల్లో ఉన్నారు. చిత్రకారుల కుటుంబాలకు నాలుగు మెతుకులు దొరకడం మంచిదే, ఆ దారి మూయమని ఎవరూ అనకూడదు. కానీ కథకుడు వెనకబడ్డాడు. వాడల్లో పటం కట్టించేవాళ్లు తగ్గారు, కూనపులి ఇళ్లలో పిల్లలు వేరే పనులకు పోయారు. డ్రాయింగ్ రూములో వేలాడే చేర్యాల బొమ్మను చూపించి ‘ఈ మనిషి ఎవరు, తరవాతి గడిలో ఏమవుతాడు?’ అని అడిగితే కొన్నవాళ్లలో ఎందరు చెప్పగలరు?

భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఇంకా పాత సాక్ష్యం ఉంది. ఆదిమానవులు ఎర్ర రంగుతో రాతి మీద గీసిన అడవి దున్నలు, జింకలు, గుర్తులు అక్కడున్నాయి. వాటి కథ ఏమిటో చెప్పే నోరు ఏనాడో పోయింది. తరవాత కాలపు మనుషులు ఆ గుట్టలకు పాండవుల పేరు పెట్టుకున్నారు, గుహల్లో పాండవుల బొమ్మలు గీసుకున్నారు. బొమ్మ ఉన్న చోట కథ లేకుండా మనిషి ఉండలేకపోయాడు. మానుకోట జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి మేడారం జాతరకు పగిడిద్దరాజు బయల్దేరి వచ్చే దారిలోనూ ఇదే కనిపిస్తుంది. కోయల పడిగె గుడ్డ మీది బొమ్మలకు డోలి కొట్టి పాడే కథకుడే ప్రాణం. అతను పాడితేనే ఏ బొమ్మ ఏ గట్టు(వంశం)దో, ఏ వీరుడిదో తెలుస్తుంది.

అసలు బొమ్మే లేకుండా కథ నిలబడుతుందనీ జనగామ జిల్లాయే చూపించింది. లింగాలఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గు డోలు, గొంతు, ఒంటి కదలిక తప్ప వేరే సరంజామా లేకుండా వేల మందిని తెల్లవార్లూ కూర్చోబెట్టాడు. 2017లో కన్ను మూసిన ఆయన మల్లన్న కథను దేశమంతా మోసుకెళ్లాడు. ఆ మల్లన్న కథలోనూ ఇద్దరు ఆడవాళ్లున్నారు, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. ఇవాళ్టి ప్రేమ కామెడీ మాంగాల్లాగే ఒక మగవాడు, ఒకరికి మించి ఆడవాళ్లు. తేడా ఏమిటంటే, అక్కడ మల్లన్న ఎటూ తేల్చకుండా ఏళ్లు గడపడు. పెళ్లి జరుగుతుంది. రెండో పెళ్లితో ఇంట్లో లెక్కలు మారతాయి. నవ్వు ఆ మారిన లెక్కల్లోంచి వస్తుంది. ఒగ్గు కథలో జనం నవ్వే చోటు, కళ్లు తుడుచుకునే చోటు ఒకదాని పక్కన ఒకటి ఉండటానికి కారణం ఇదే.

దొంగ జంట, నిజమైన కథ

ప్రేమ నటిస్తూ ప్రేమలో పడే కథ తెలుగువాడికి కొత్త కాదు. 1955 జనవరి 12న విడుదలైన విజయా వారి ‘మిస్సమ్మ’ చూడండి. రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీ నాటకం ‘మన్మొయీ గర్ల్స్ స్కూల్’ ఆధారంగా చక్రపాణి కథ అల్లారు, పింగళి నాగేంద్రరావు మాటలు రాశారు, ఎల్.వి. ప్రసాద్ తీశారు. బడిలో ఉద్యోగాలకు భార్యాభర్తలే కావాలంటే, పని లేని ఎన్టీ రామారావు, అప్పుల్లో మునిగిన సావిత్రి దంపతులమని చెప్పుకుని అప్పాపురం వెళతారు. అబద్ధం మొదలైన నిమిషం నుంచి దాని వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. జమీందారు దంపతులు ఆమె మీద సొంత కూతురి మీదంత ప్రేమ పెంచుకుంటారు, అది ఆమెకు ఇరకాటం. అతను జమీందారు కూతురికి సంగీతం చెప్పడం మొదలుపెడితే భార్య కాని భార్యకు అసూయ పుడుతుంది. నాకేం సంబంధం అనుకున్న మనిషికి సంబంధం ఉందని తెలిసే క్షణం అది. ఆ క్షణం తరవాత సావిత్రి ముఖం మొదట్లో ఉన్న ముఖం కాదు. మూడు గంటల సినిమాలో ప్రతి అరగంటకూ ఇద్దరి మధ్య దూరం మారుతుంది. సినిమాకు నిడివి ఉంది కాబట్టి మారక తప్పదనవచ్చు. నిజమే. కానీ నిడివి ఉన్న ప్రతి సినిమా మిస్సమ్మ కాలేదు. ఆ కథకులు నవ్వించిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఏదో ఒకటి పోగొట్టుకునేలా రాసుకున్నారు.

ధారావాహికంలో ఇది కుదరదా అంటే కుదురుతుందని జపాన్‌లోనే రుమికో తకహాషి ఎప్పుడో చూపించింది. ఆమె ‘మెజోన్ ఇక్కొకు’ 1980 నుంచి 1987 దాకా వచ్చింది, 15 సంపుటాలు. బొమ్మల్లో ఇవాళ్టి మెరుపు లేదు. పాత అద్దె ఇల్లు, అందులో అల్లరి అద్దెకున్నవాళ్లు, కొత్తగా వచ్చిన మేనేజరు క్యోకో. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. ఆమెను ప్రేమించే గొదాయి కాలేజీ ప్రవేశ పరీక్ష తప్పినవాడు. పత్రికలో ఏళ్లు గడిచిన కొద్దీ కథలోనూ ఏళ్లు గడిచాయి. గొదాయి కాలేజీలో చేరాడు, చదువు ముగించాడు, ఉద్యోగం దొరక్క తిరిగాడు, చిన్నపిల్లల బడిలో పని నేర్చుకున్నాడు. అపార్థాలు కోకొల్లలు, సాగతీత కూడా ఉంది. కానీ ప్రతి అపార్థం తరవాత ఇద్దరూ ఒక అడుగు వేరే చోట నిలబడ్డారు. చివరి ఘట్టాల్లో గొదాయి క్యోకో భర్త సమాధి ముందు నిలబడి, ఆమె మనసులో ఉన్న నిన్ను కూడా కలుపుకునే ఆమెను తీసుకెళతానన్న అర్థంలో మాట్లాడతాడు. ఏడేళ్లు చదివినవాళ్లకు ఆ మాట ఏమిచ్చిందో చెప్పడం కష్టం. ఆ పేజీలో బొమ్మ చాలా మామూలుగా ఉంటుంది. అంతకు మించి అక్కర్లేదు కూడా.

ఇటీవలి వాటిలో అకా అకసాకా ‘కగుయా-సమా: లవ్ ఈజ్ వార్’ (2015-2022, 28 సంపుటాలు) గురించి తప్పక చెప్పాలి. ప్రేమిస్తున్నానని ముందు చెప్పినవాళ్లు ఓడినట్టే అనుకునే ఇద్దరు తెలివైన విద్యార్థుల కథ. ఎవరూ చెప్పకుండా కథ నడపాలి. అంటే కదలకపోవడమే ఇక్కడ ఆట నియమం! అయినా అకసాకా ఆ నియమాన్ని సగం దారిలోనే ధైర్యంగా తెంచేశాడు. వాళ్లు ఎందుకు చెప్పలేకపోతున్నారో తవ్వితే అహం కింద ఒంటరితనం బయటపడింది. నవ్వులాట కాస్తా ఇద్దరు మనుషుల కథ అయింది. అదే అకసాకా తరవాత బొమ్మలను మెంగో యోకోయారికి అప్పగించి రాసిన ‘ఓషి నో కో’ ముగింపు చాలామంది అభిమానులను నిరాశపరిచింది. ఆమె బొమ్మ మాత్రం ఆఖరి పేజీ దాకా వెలిగింది. మంచి కథకుడికీ గ్యారంటీ లేదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

మన దగ్గర బాపు గీత పక్కన ముళ్లపూడి వెంకటరమణ రాత ఉండేది. బొమ్మలు ఎంత అందంగా ఉన్నా ‘చందమామ’ను నిలబెట్టింది కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో గట్టిపడిన కథలు కూడా. వడ్డాది పాపయ్య ముఖచిత్రం చూసి కొన్న పిల్లవాడు లోపలి కథ కోసం నెలనెలా ఎదురు చూశాడు.

గీసే పిల్లలకు, నేర్పే పెద్దలకు

జనగామలోనో, తొర్రూరులోనో, భూపాలపల్లి కాలనీల్లోనో మాంగా గీస్తున్న పిల్లలారా, మీ గీత బాగుంది. కళ్లు, జుట్టు, మడతలు నేర్చుకోవడానికి మీకు ఫోన్లో వెయ్యి మంది గురువులున్నారు. కథ నేర్చుకోవడానికి మాత్రం ఫోను మూసి బయటికి రండి. ఒగ్గు కథ జరిగే చోట రాత్రంతా కూర్చోండి. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె నుంచి వచ్చి 2024లో పద్మశ్రీ అందుకున్న చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య ప్రదర్శన ఎక్కడైనా ఉంటే వెళ్లి చూడండి. కథకుడు ఎక్కడ ఆగాడు, ఎక్కడ దాటేశాడు, జనం ఎప్పుడు కదిలి కూర్చున్నారు, రాసుకోండి. మీ ప్రేమకథలో హీరోయిన్‌ను గీసేముందు ఆఖరి గడిలో ఆమె ఎక్కడ నిలబడి ఉంటుందో నిర్ణయించుకోండి. మొదటి గడిలో ఉన్న చోటే నిలబడి ఉంటే ఆ కథ ఇంకా దొరకలేదన్నమాట. మీ హీరో టోక్యోలోనే చదవాలని లేదు. మానుకోట స్టేషన్లో రైలు దిగి పరీక్షకు పరుగెత్తే కుర్రాడికీ, కొడకండ్లలో మగ్గం దగ్గర పెరిగిన అమ్మాయికీ మధ్య ఎన్ని నవ్వులు లేవు?

కాలేజీల్లో, గ్రంథాలయాల్లో చిత్రకళ పోటీలు పెట్టే పెద్దలకు ఒక విన్నపం. చేర్యాల నుంచి చిత్రకారుణ్ని పిలిచినప్పుడు పటం కథ చెప్పే మనిషినీ పిలవండి. ఇద్దరికీ ఒకే గౌరవం, ఒకే పారితోషికం ఇవ్వండి. పిల్లల చేత విడి బొమ్మ కాదు, ఎనిమిది గడుల కథ గీయించండి. బహుమతి ఇచ్చేటప్పుడు గీతకు సగం, కథకు సగం మార్కులు వేయండి. ‘రెంట్ ఎ గర్ల్‌ఫ్రెండ్’ చదవాలనుకునేవాళ్లకు నా సలహా: సయూరి అవ్వ చూసిన సినిమా దాకా, ఆ తరవాత చిజురు ఏడ్చిన సాయంత్రం దాకా చదవండి. అది మంచి కథ. అక్కడ ఆపి ‘మెజోన్ ఇక్కొకు’ మొదలుపెట్టండి.